డోర్నకల్‌లో బండి దిగి నాలుగు రోజులు

మొదటి రోజు

సికింద్రాబాదు నుంచి విజయవాడకు రైలులో తిరిగేవాళ్ళలో డోర్నకల్ పేరు విననివారు ఉండరు, కాని ఆ ఊళ్ళో దిగినవారు మాత్రం అరుదుగా కనిపిస్తారు. నేనూ చిన్నప్పటి నుంచి ఆ స్టేషన్‌ను కిటికీలో నుంచే చూశాను. రైల్వేలో గార్డుగా పనిచేసిన మా మేనమామ మాత్రం, తాను సొంత ఇంట్లో పడుకున్న రాత్రుల కంటే డోర్నకల్ రన్నింగ్ రూంలో, అంటే బండి సిబ్బంది విశ్రాంతి తీసుకునే గదిలో, పడుకున్న రాత్రులే ఎక్కువని చెప్పేవాడు. ఆయన పోయిన తరువాత ఆ మాట నన్ను వదలలేదు. 2025 జనవరి చివరి వారంలో నాలుగు రోజులు తీరిక చిక్కగానే, ఈసారి విజయవాడ దాకా పోకుండా డోర్నకల్‌లోనే దిగి, అక్కడి నుంచి చీలిపోయే బ్రాంచి లైను వెంట బొగ్గు ఊళ్ళ దాకా వెళ్ళి రావాలని నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కాజీపేట, వరంగల్ దాటేవరకు చెప్పుకోదగ్గదేమీ లేదు. తెలిసిన దారి, తెలిసిన రద్దీ. నెక్కొండ దాటిన తరువాత నేల తీరు మారుతుంది. ఎర్ర చెలకలు, మధ్యమధ్య నల్లని రాతి బోళ్ళు, చివరి ఏరుడు మిగిలిన పత్తి చేలు, ఆ పక్కనే పండుతున్న మిరప తోటలు వరుసగా కనిపిస్తాయి. ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య బండి కొంచెం నెమ్మదించింది. 2024 ఆగస్టు చివరి రాత్రి, మరునాడు సెప్టెంబరు 1న కురిసిన కుండపోత వానకు చెరువుల నీళ్ళు పొంగి వచ్చి, పట్టాల కింద ఉన్న కంకరను, మట్టి కట్టను ఊడ్చుకుపోయినది ఇక్కడే. కింద ఆధారం లేక పట్టాలు గాలిలో వేలాడుతున్న ఫొటోలను ఆనాడు అందరమూ చూశాము. ఉత్తర దక్షిణ భారతాలను కలిపే ప్రధాన మార్గం అది కావడం వల్ల వందలాది బండ్లు రద్దయ్యాయి, మరెన్నో దారి మళ్ళాయి. సెప్టెంబరు 4 నాటికి మళ్ళీ బండి నడిపించగలిగారు. ఇప్పుడు అక్కడ కట్ట మీద కొత్త కంకర తెల్లగా మెరుస్తోంది. నా ఎదుటి సీటులోని ఒక పెద్దావిడ ఆ చోటు రాగానే చేతులు జోడించింది. ఏ దేవుడికమ్మా అని అడిగితే, "దేవునికి కాదు బిడ్డా, ఆ నాలుగు దినాలు వానలో నిలబడి పని చేసిన పిల్లలకు" అన్నది.

మహబూబాబాద్‌ను ఈ ప్రాంతం వారందరూ ఇప్పటికీ మానుకోట అనే పిలుస్తారు. మానుకోట, గుండ్రాతిమడుగు, గార్ల దాటి, పొద్దు వాలుతున్న వేళకు డోర్నకల్ చేరాను. బండి ఆగిన కాసేపటికే కదిలిపోయింది. అది వెళ్ళిన తరువాత ప్లాట్‌ఫారం మీద మిగిలిన నిశ్శబ్దాన్ని నేను ఊహించలేదు. జంక్షన్ అంటే ఎడతెగని హడావిడి అనుకుంటాము, కాని చిన్న జంక్షన్‌లో రెండు బండ్ల మధ్య విరామం చాలా పెద్దది. అటువైపు పట్టాల మీద ఖాళీ బొగ్గు వ్యాగన్ల రేక్ ఒకటి, ఎప్పుడు కదులుతుందో తెలియని ఏనుగులాగా నిలబడి ఉంది.

బస కోసం ముందుగా ఫోనులో మాట్లాడుకున్న చోట, తీరా వెళ్ళేసరికి గదులే లేవన్నారు. చివరికి స్టేషన్ బయట టీకొట్టు నడిపే మనిషి తన బంధువుల ఇంటి మేడ మీద గది ఇప్పించాడు. ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న పట్టాల మరమ్మతు చూసే గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఒకాయనతో రాత్రి ఎనిమిది దాకా మాటలు సాగాయి. తన కాలంలో ఊళ్ళో వాచీ ఉన్న ఇళ్ళు తక్కువనీ, చేనుకు పోయేవాళ్ళు, బడికి పోయే పిల్లలు అందరూ బండ్ల రాకను బట్టే వేళ తెలుసుకునేవారనీ ఆయన చెప్పాడు. "బండి లేటైతే ఊరంత లేటే సారూ" అంటూ నవ్వాడు.

రెండో రోజు

ఉదయం లేవగానే స్టేషన్ చుట్టూ నడిచాను. ఈ ఊరు ఎలా పుట్టిందో తెలియాలంటే పట్టాలు ఏ క్రమంలో పడ్డాయో తెలియాలి. నిజాం రాజ్యం సొంతంగా వేసుకున్న మొదటి రైలు మార్గం బొంబాయి–మద్రాసు లైనులోని వాడి అనే స్టేషన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చింది. దాన్ని తూర్పుకు పొడిగించాలన్న ఆలోచన 1880లలో బలపడింది. అందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి సముద్రం వైపు, అంటే బెజవాడ మీదుగా కోస్తాకు దారి సంపాదించడం. రెండోది బొగ్గు. ఆ రోజుల్లో ఆవిరి యంత్రానికి బొగ్గు లేనిదే గతి లేదు. దూరం నుంచి తెప్పించుకునే బొగ్గుకు మోత ఖర్చే తడిసి మోపెడయ్యేది. రాజ్యంలోనే బొగ్గు దొరికితే రైలుకు రైలే తిండి మోసుకొచ్చుకుంటుంది.

ఈ పొడిగింపు కథ హైదరాబాదు చరిత్రలో పెద్ద రచ్చకు దారితీసింది. చాందా (నేటి చంద్రపూర్) రైల్వే పథకం పేరిట లండన్ పెట్టుబడిదారులతో కుదుర్చుకోబోతున్న ఒప్పందం రాజ్యానికి నష్టమని 1883లో కొందరు విద్యావంతులు బహిరంగంగా ఎదిరించారు. వారిలో ముఖ్యుడు కాలేజీ ప్రిన్సిపాలు అఘోరనాథ్ చటోపాధ్యాయ, అంటే సరోజినీ నాయుడు తండ్రి. ఆ నేరానికి ఆయన్ను ఆ ఏడాది మే నెలలో హైదరాబాదు నుంచి వెళ్ళగొట్టారు. రైల్వే ఒప్పందం మీద ప్రజలకు వివరాలు చెప్పాలని అడిగినందుకు ఒక ప్రిన్సిపాలుకు దేశబహిష్కారం పడిన సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకొంచెం పెద్ద అక్షరాలలో ఉండవలసిందని నా అభిప్రాయం. ఒప్పందం మాత్రం ఆగలేదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ 'గ్యారంటీ' అనే మాటకు అర్థం, కంపెనీ పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీ 20 ఏళ్ళ పాటు నిజాం ఖజానా హామీ ఇవ్వడం. బండిలో జనం ఎక్కినా ఎక్కకున్నా లండన్‌లోని వాటాదారుకు వడ్డీ అందుతుంది. రైతు కట్టిన శిస్తు ఎక్కడెక్కడి దాకా ప్రయాణం చేసిందో చూడండి.

1886లో పట్టాలు వరంగల్‌కు చేరాయి. 1888లో డోర్నకల్‌కు, అక్కడి నుంచి ఇల్లందు బొగ్గు గనులకు లైను పడింది. 1889లో బెజవాడతో కలిసింది. నాకు మొదటి నుంచి అర్థం కాని విషయం ఒకటి ఈ తేదీలతో తేటపడింది. ఇప్పుడు మనం డోర్నకల్–విజయవాడ దారిని ప్రధాన మార్గమనీ, ఇల్లందు వైపు పోయేదాన్ని బ్రాంచి అనీ అంటున్నాము. లైను వేసినవారి లెక్కలో మాత్రం బొగ్గు బ్రాంచి ఆఖరున గుర్తుకు వచ్చిన పని కాదు, సముద్రపు దారి కంటే ముందే పూర్తి చేసుకున్న పని. డోర్నకల్ పుట్టింది ఆ రెండు అవసరాలు విడిపోయే చోట. చుట్టూ ఉన్న పల్లెలు చెరువు కింద పుట్టాయి, గుడి చుట్టూ పుట్టాయి, గడీ నీడన పుట్టాయి. ఈ ఊరు మాత్రం పట్టాలు చీలే పాయింట్ల దగ్గర పెరిగింది.

రైల్వే క్వార్టర్ల వీధుల్లో ఒక గంట తిరిగాను. పాత కాలపు కట్టడాలలో కొన్ని ఇంకా వాడుకలో ఉన్నాయి, కొన్నింటి గోడల మీద రావి మొక్కలు మొలిచాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో ఒక జంక్షన్‌కు ఎంతమంది కావాలో ఇప్పటివారికి ఊహకు అందదు. నీళ్ళు పట్టేవారు, బొగ్గు ఎత్తేవారు, బూడిద దులిపేవారు, పాయింట్లు మార్చేవారు, దీపాలు వెలిగించేవారు, వ్యాగన్లు కలిపేవారు, విడదీసేవారు, కీమ్యాన్లు, గ్యాంగ్‌మన్లు, వీరందరికీ వండి పెట్టేవారు ఉండేవారు. వీరు ఒక్క జిల్లా నుంచి రాలేదు, ఒక్క భాష మాట్లాడలేదు. అందువల్లనే ఈ చిన్న ఊళ్ళో ఉర్దూ, తెలుగు, తమిళం వినిపించే వీధులు పక్కపక్కనే ఏర్పడ్డాయి. బయట తండాలలో లంబాడీ భాష సరేసరి. డీజిలు వచ్చి, ఆ తరువాత కరెంటు వచ్చి, సిగ్నళ్ళు బటన్లతో నడవడం మొదలయ్యేసరికి ఈ పనుల్లో చాలావాటికి మనుషుల అవసరం తీరిపోయింది. ఊరు పెరుగుతూనే ఉంది, 2018లో మున్సిపాలిటీ కూడా అయ్యింది. కాని రైల్వేతో బతికే ఇళ్ళ వాటా తగ్గింది. టీకొట్టు మనిషి కొడుకు హైదరాబాదులో సరుకులు చేరవేసే పనిలో ఉన్నాడట. మనుమడు మాత్రం రైల్వే పరీక్షకు చదువుతున్నాడట.

స్టేషన్‌కు నడక దూరంలోనే ఉంది డోర్నకల్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన కట్టడం, ఎపిఫనీ కెథడ్రల్, అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి. మేము రైలు కిటికీలోంచి ఎన్నడూ పట్టించుకోని ఈ ఊరు క్రైస్తవ చరిత్ర చదివినవారికి బాగా తెలుసు. తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1903లో తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో స్థాపించుకున్న మిషనరీ సంఘం తరఫున 1909లో డోర్నకల్ వచ్చాడు. భాష రాని చోటికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో నిలబడి, మీరు మాకు డబ్బు ఇచ్చారు, త్యాగం చేశారు, మాకు కావలసింది స్నేహం అని తెల్లవారి ముఖాన చెప్పిన ధైర్యశాలి ఆయనే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు సంఘంలో, ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయన. ఆ నియామకానికి పట్టుబట్టిన మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, తత్త్వవేత్తగా పేరుపొందిన ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు అన్న కావడం ఒక విశేషం.

ఒక బిషప్ పీఠం హైదరాబాదు, బెజవాడ వంటి పట్టణాలలో కాకుండా ఈ జంక్షన్‌లో ఎందుకు ఉందని అడిగితే, నాకు తోచే జవాబు పట్టాలే. అజరయ్య పని పట్టణాలలో కాదు, ఊరి చివర మాల, మాదిగ పల్లెలలో. ఇక్కడి నుంచి వరంగల్ వైపు, ఖమ్మం, బెజవాడల వైపు, ఇల్లందు అడవుల వైపు మూడు దిక్కులకూ బండి ఉంది. బండి దిగిన చోటి నుంచి ఎడ్లబండి ఉంది. కంపెనీ బొగ్గు కోసం వేసుకున్న కూడలిని ఆయన మనుషుల కోసం వాడుకున్నాడు.

కెథడ్రల్ లోపలికి అడుగు పెడితే, ఇది ఇంగ్లండు నమూనాను తెచ్చి ఇక్కడ దించిన చర్చి కాదని వెంటనే తెలుస్తుంది. గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తుకు తెస్తాయి. స్తంభాల వరుస గుడి మండపాన్ని గుర్తుకు తెస్తుంది. చెక్కడాలలో తామరపువ్వు, శిలువ కలిసి ఉంటాయి. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా కట్టిన ఈ ఆలయాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. నేను వెళ్ళిన వేళకు లోపల ఎవరూ లేరు. ఒకామె నేల తుడుస్తూ, "చెప్పులు బయట ఇడిచినవా అన్నా?" అని అడిగింది. చర్చిలో చెప్పులు విడిచే ఆ అలవాటు నాకు ఏ శిల్పం కంటే ఎక్కువ విషయం చెప్పింది. గుమ్మం దగ్గర కూర్చున్నంతసేపూ స్టేషన్ నుంచి వినవచ్చే బండ్ల ప్రకటనలు, లోపలి మౌనం, రెండూ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

మూడో రోజు

ఉదయం భద్రాచలం రోడ్ వైపు పోయే ప్యాసింజర్ బండి ఎక్కాను. నాతోపాటు ఎక్కినవారిలో మిరపకోతకు పోయే కూలీల గుంపు ఒకటి, కొత్తగూడెం ఆసుపత్రికి పోయే ముసలి దంపతులు, కాలేజీ పిల్లలు ఉన్నారు. ప్రధాన మార్గం పక్కకు తప్పుకున్న క్షణం నుంచి బండికి తొందర తగ్గింది. ఇరువైపులా కళ్ళాలలో ఎండబోసిన మిరపకాయల ఎరుపు కళ్ళు చెదరగొడుతుంది. గాలి అటు తిరిగితే పెట్టెలో అందరూ ఒకేసారి తుమ్ముతారు. ఎవరూ విసుక్కోరు, పంట బాగా పండిందన్న గుర్తుగా తీసుకుంటారు.

కారేపల్లి జంక్షన్‌లో దిగాను. ఇక్కడ పట్టాలు మళ్ళీ రెండుగా చీలుతాయి. ఒకటి ఉత్తరంగా ఇల్లందుకు పోయే పాత బొగ్గు లైను, రెండోది 1920లలో తూర్పుకు కొత్తగూడెం దాకా వేసినది. జంక్షన్ అన్న పేరే కాని ఇది పల్లె స్టేషన్. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద మేకలు పడుకుని ఉన్నాయి. మండలం పేరు సింగరేణి, మండల కేంద్రం కారేపల్లి. దేశంలో బొగ్గు మాట వచ్చిన చోటల్లా వినిపించే 'సింగరేణి' అన్న పేరు నిజానికి ఈ పక్కనున్న ఒక చిన్న ఊరిది. బొగ్గు దొరికినదేమో ఇల్లందులో. అయినా గనులకు ఆ పేరే అంటుకుంది, గనుల నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి వందల కిలోమీటర్ల దూరంలోని బెల్లంపల్లి, రామగుండాల దాకా పాకింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. సింగరేణి గ్రామంలో గని ఉందా అని ఆటోవాలాను అడిగితే, "పేరే మాది, బొగ్గు వాళ్ళది" అన్నాడు. ఇంతకంటే పొట్టిగా ఈ చరిత్రను నేను చెప్పలేను.

ఇల్లందుకు ఇప్పుడు ప్రయాణికుల బండి లేదు. ఆ పట్టాల మీద బొగ్గు రేక్‌లే తిరుగుతాయి. నూట ముప్పై ఏళ్ళకు పైబడిన రైలు మార్గం కళ్ళెదుట ఉండగా బస్సు కోసం నిలబడటం విచిత్రంగా తోచింది. బస్సులో నా పక్కన కూర్చున్న టీచరు ఒకాయన, తమ ఊరికి మళ్ళీ బండి వేయాలని తన తండ్రి కాలం నుంచీ అర్జీలు పెడుతూనే ఉన్నారని చెప్పాడు. మరొక తమాషా ఏమిటంటే, 2016లో జిల్లాలు మారిన తరువాత డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలోకి, కారేపల్లి ఖమ్మం జిల్లాలోకి, ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయాయి. పాతిక కిలోమీటర్ల చిన్న రైలు దారికి మూడు జిల్లాలు. అర్జీ పెట్టాలన్నా ఏ కలెక్టరు దగ్గరికి పోవాలో ముందు తేల్చుకోవాలి.

ఇల్లందును చుట్టుపక్కల పల్లెలవారు బొగ్గుట్ట అంటారు. నాకు ఈ పేరే ఇష్టం. కాగితం మీద రాసిన ఏ పేరూ ఊరి సంగతిని ఇంత సూటిగా చెప్పదు. భద్రాచలం యాత్రకు పోయే భక్తులు ఇక్కడ ఆగి, మూడు నల్లరాళ్ళు పొయ్యిగా పెట్టి వంట చేసుకుంటుంటే ఆ రాళ్ళే అంటుకున్నాయని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాగితాలలో ఉన్న కథ ఏమిటంటే, భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని గుర్తించాడు. గనుల్లో ఒక ముఖ్యమైన పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అంటారు. చాలామంది దీన్ని ఏ రాజుగారి పేరో అనుకుంటారు, కింగ్ అన్నది ఆ భూగర్భ శాస్త్రవేత్త ఇంటిపేరు.

1886లో తవ్వే హక్కులు లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. వాటాల అమ్మకంలో జరిగిన మోసం ఎంత ముదిరిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక కమిటీ వేసి విచారించవలసి వచ్చింది. అదే ఏడాది ఇక్కడికి రైలు వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి. అక్కడ కాగితాల మీద వాటాలు చేతులు మారుతుంటే, ఇక్కడ బాయిలోకి, అంటే గనిలోకి, మనుషులు దిగుతున్నారు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, 1945లో హైదరాబాదు ప్రభుత్వం అందులో అత్యధిక వాటాలు కొన్నది. నేడు అది రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం.

ఈ నేల కింద ఏముందో కొంచెం చెప్పుకోవాలి. డోర్నకల్ నిలబడినది కోట్ల ఏళ్ళనాటి గట్టి గ్రానైటు జాతి రాతి మీద. అందులో బొగ్గు ఉండదు. తూర్పుకు పోయేకొద్దీ ఇసుకరాతి పొరలు మొదలవుతాయి. ఇవి గోండ్వానా కాలంలో, నేల కుంగిన పెద్ద లోయలో నదులు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, వాటి మధ్య పూడుకుపోయిన అడవులు. ప్రాణహిత–గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఈ బొగ్గు మేట ఉన్నది. ఇల్లందు మేట ఆ పెద్ద మేటకు పడమరగా, విడిగా పడిన చిన్న తునక. రైలుకు దగ్గరగా ఉన్నది కనుక ముందుగా దొరికింది, ముందుగా తవ్వబడింది, ముందుగా అలసిపోయింది. పెద్ద మేట తూర్పున కొత్తగూడెంలో కనిపించాక కంపెనీ కార్యాలయమూ అటే పోయింది.

మధ్యాహ్నం ఒక రిటైరైన కార్మికుడి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆయన తట్టా చెమ్మస్ పనిలో చేరాడు, అంటే పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టలోకి ఎత్తి టబ్బులు నింపే పని. గదులు గదులుగా తవ్వుకుంటూ, పైకప్పు కూలకుండా మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలే పద్ధతిని నాకు నేల మీద పుల్లతో గీసి చూపించాడు. లోపల చీకటికి అలవాటు పడ్డాక బయట ఎండ శత్రువులా ఉండేదనీ, మొదటి పాళీ ముగించుకుని పైకి వచ్చినవాడిని ఇంటి కుక్క కూడా పోల్చుకునేది కాదనీ అన్నాడు. ఇల్లందులో భూగర్భ గనులు మూతపడ్డాయి, ఇప్పుడున్నది పైనుంచి నేలంతా తవ్వే ఓపెన్‌కాస్ట్. ఊరి వెలుపల, బొగ్గు మీది నుంచి తీసి పోసిన ఓబీ మట్టి గుట్టలు నిజమైన గుట్టల కంటే ఎత్తుగా, పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా నిలబడి ఉన్నాయి. "అప్పుడు మేము బొగ్గు కోసం బాయిలకు పోయినం, ఇప్పుడు బొగ్గే బయటికొస్తున్నది, మనుషులే అక్కరలేదు" అని ఆయన అన్నప్పుడు నిన్న డోర్నకల్ క్వార్టర్లలో చూసిన రావి మొక్కలు గుర్తుకు వచ్చాయి.

సాయంత్రం ఇల్లందులపాడు చెరువు కట్ట మీద కాసేపు నడిచాను. గని రాక ముందు ఇక్కడ ఉన్నది ఆ పాడు, ఈ చెరువు మాత్రమే. రాత్రికి బస్సులో కారేపల్లి చేరి, అక్కడే తెలిసినవారి ఇంట పడుకున్నాను.

నాలుగో రోజు

కారేపల్లిలో మళ్ళీ ప్యాసింజర్ పట్టుకుని లైను చివరి దాకా, భద్రాచలం రోడ్ స్టేషన్‌కు వెళ్ళాను. గాంధీపురం, చీమలపాడు, తడికలపూడి, బేతంపూడి, అన్నీ నిమిషం ఆగి కదిలే చిన్న స్టేషన్లు. ఈ దారిలో ఎక్కడో మనకు తెలియకుండానే రెండు నదుల మధ్య గట్టు దాటుతాము. డోర్నకల్ వైపు కురిసిన వాన మున్నేటిలో కలిసి కృష్ణకు పోతుంది. కొత్తగూడెం వైపు కురిసినది గోదావరికి పోతుంది. గట్టు అంటే కొండేమీ కాదు, నేల కొంచెం ఉబ్బినట్టు ఉంటుంది అంతే. టేకు చెట్లు, తునికి పొదలు దట్టమవుతాయి, పల్లెల మధ్య దూరం పెరుగుతుంది, పెట్టెలో కోయ మాటలు వినిపిస్తాయి.

భద్రాచలం రోడ్ అన్న పేరు చూసి ఇక్కడ దిగి, రాముడి గుడి ఎటువైపని అడిగే అమాయకులు ఇప్పటికీ ఉన్నారట. ఊరు కొత్తగూడెం, భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లు, గోదావరి దాటాలి. పైగా నిజాం రైల్వే వారు ఈ పేరు పెట్టిన నాటికి భద్రాచలం వారి రాజ్యంలోనే లేదు, బ్రిటిష్ వారి మద్రాసు రాష్ట్రంలో గోదావరి జిల్లాది. అది ఖమ్మం జిల్లాలో చేరినది 1959లో. బొగ్గు కోసం వేసిన లైనుకు భక్తుల టికెట్ డబ్బు కూడా కలిసి వస్తే చేదా అనుకుని ఉంటారు. ఎవరి అవసరం ఏదైనా, శ్రీరామనవమికి ఈ బండ్లలో కాలు పెట్టే చోటు ఉండదు.

కొత్తగూడెంలో ఎక్కువసేపు ఉండలేదు. అది పెద్ద పట్టణం, దాని కథ వేరు. మధ్యాహ్నం తిరుగు బండిలో డోర్నకల్ వచ్చేసరికి హైదరాబాదు బండికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉన్నది. టీకొట్టు దగ్గర మొదటి రోజు కలిసిన గ్యాంగ్‌మన్ పెద్దాయన అదే బల్ల మీద ఉన్నాడు. ఇక్కడి నుంచి సూర్యాపేట, నల్గొండ మీదుగా గద్వాల దాకా కొత్త లైనుకు సర్వే జరుగుతున్నదని అక్కడ కూర్చున్నవారు చెప్పుకుంటున్నారు. లైను పడితే డోర్నకల్ పెద్ద ఊరవుతుందని ఒకరు, ముందు తమ చేల మధ్య నుంచి పోతుందేమోనని ఇంకొకరు. కాజీపేట–విజయవాడ మూడో లైను పనుల కోసం తెచ్చిన స్లీపర్ల దొంతరలు యార్డు పక్కన కనిపిస్తూనే ఉన్నాయి. ఊరికి ఏది వచ్చినా పట్టాల మీదే రావాలన్నట్టు ఉంది వారి మాట.

ఇంతలో కారేపల్లి వైపు నుంచి నిండు బొగ్గు రేక్ ఒకటి నెమ్మదిగా యార్డులోకి వచ్చింది. ఎన్ని వ్యాగన్లో లెక్కపెడదామని మొదలుపెట్టి నలభై దాటాక తప్పిపోయాను. "యాభై ఎనిమిది" అన్నాడు పెద్దాయన, అటు చూడకుండానే. చివరి బ్రేక్ వ్యాన్‌లో గార్డు పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు మా మేనమామ వయసు ఉండదు, చేతిలో వాకీటాకీ ఉన్నది. అయినా ఈ రాత్రి ఆయన పడుకోబోయేది ఏ రన్నింగ్ రూంలోనో అడగాలనిపించింది. బండి ఆగలేదు.